కడుపులో సరిగ్గా ఎదగని పాప ఇప్పుడు గబగబా బరువు పెరుగుతోంది, సంతోషించాలా భయపడాలా?

పాపాయి అమ్మ

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నాను కానీ అడగడం ఇదే మొదటిసారి. వివరాలు లేకుండా అడిగితే మీరు మళ్లీ అడగాల్సి వస్తుందని అన్నీ రాస్తున్నాను, పోస్ట్ పెద్దదైతే ఏమీ అనుకోకండి.

మా పాపకి మొన్నటితో 5 నెలలు నిండాయి. 32వ వారం స్కాన్‌లో పాప పొట్ట చుట్టుకొలత తక్కువగా ఉందన్నారు. 34వ వారంలో డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) చేసి మాయ నుంచి రక్తం సరిగ్గా అందడం లేదని చెప్పారు. అప్పటికే నాకు బీపీ వచ్చింది. అక్కడి నుంచి వారానికి రెండు స్కాన్‌లు, రోజూ పాప కదలికలు లెక్కపెట్టుకోవడం, ఆ టెన్షన్‌తోనే గడిపి చివరికి 37 వారాల 4 రోజులకి నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. పుట్టిన బరువు 2.1 కిలోలు, పొడవు 45 సెంటీమీటర్లు, తల చుట్టుకొలత 32.5. మొదటి రెండు రోజులు షుగర్ పడిపోతోందని మడమ దగ్గర సూదితో గుచ్చి చూస్తూ, నా పాలు పిండి చెంచాతో పట్టించారు. మూడో రోజు నుంచి తనే రొమ్ము పట్టి తాగింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా నా పాలు తప్ప ఇంకేమీ పెట్టలేదు.

బరువులు ఇవి: నెలకి 2.9, రెండు నెలలకి 3.9, మూడుకి 4.7, నాలుగుకి 5.4, ఇప్పుడు సరిగ్గా 6 కిలోలు. పొడవు 61, తల 40.5.

ఇంట్లో మాట ఒకటి, చదివింది ఇంకొకటి. మా అత్తయ్యగారు మంచి మనసుతోనే చెప్తారు, "కడుపులో తిండి అందని పిల్ల, ఇప్పుడైనా ఆ లోటు పూడ్చాలి కదమ్మా, డబ్బా పాలు కూడా కలుపు, నాలుగు నెలలు దాటాయి కాబట్టి మెత్తగా ఏదైనా తినిపించు" అని. మావారేమో ఎక్కడో చదివి, కడుపులో ఎదగని పిల్లలు పుట్టాక త్వరగా బరువు పెరిగితే పెద్దయ్యాక షుగర్, గుండె జబ్బులు వస్తాయట అంటున్నారు. పుట్టిన బరువుకి దాదాపు మూడు రెట్లు అయింది కదా ఐదు నెలలకే, ఇది ఎక్కువా?

నిజం చెప్పాలంటే మొన్న ఒక రాత్రి పాప పాలకోసం లేచి ఏడిస్తే, ఎక్కువైపోతోందేమో అన్న భయంతో వెంటనే ఇవ్వకుండా కాసేపు జోకొడుతూ కూర్చున్నాను. తర్వాత పాలిచ్చాను కానీ పాప గుటకలు వేస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఎంత పెరిగితే సరి, ఎంత దాటితే తప్పు, ఎవరైనా తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి.

శిశువైద్యుడు_18

అమ్మా, ముందు ఒక్క మాట. ఆకలికి ఏడ్చే పాపకి రొమ్ము పాలు ఆపకండి, రాత్రయినా పగలైనా. మీవారు చదివినదాంట్లో నిజం ఉంది, కానీ అది మీ పాప తాగే తల్లిపాల గురించి చెప్పిన మాట కాదు. నవజాత శిశువుల వార్డులో 18 ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఈ భయంతో పాలు తగ్గించిన తల్లుల్ని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీరు ఇచ్చిన అంకెల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన చార్టు మీద పెట్టి చూశాను. ఆడపిల్లలకి 5 నెలల వయసులో మధ్య గీత (సగం మంది పిల్లలు దానికి పైన, సగం మంది కింద ఉంటారు) బరువు 6.9 కిలోలు, పొడవు 64 సెంటీమీటర్లు. పుట్టినప్పుడు మీ పాప బరువులో అన్నిటికంటే కింది గీత దగ్గర ఉంది. రెండో నెలకి ఒక మెట్టు ఎక్కింది, ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కే దారిలో ఉంది. ముఖ్యమైన సంగతేమిటంటే పొడవు కూడా బరువుతో పాటే పైకి వస్తోంది. 61 సెంటీమీటర్ల పొడవున్న ఆడపిల్లకి ఉండాల్సిన బరువు దాదాపు 6 కిలోలే. అంటే పాప లావెక్కడం లేదు, ఎదుగుతోంది. రోజుకి ఎంత పెరిగిందో చూసినా మొదటి మూడు నెలల్లో 27 నుంచి 33 గ్రాములు, ఆ తర్వాత 23, ఇప్పుడు 20. వేగం దానంతట అదే తగ్గుతోంది, అలా తగ్గాలి కూడా.

మూడు రెట్లు అన్న లెక్కని వదిలేయండి. 3 కిలోలతో పుట్టిన బిడ్డ ఐదు నెలలకి రెట్టింపవుతుందనేది మామూలు లెక్క, అది 2.1 కిలోలతో పుట్టిన బిడ్డకి పనికిరాదు. చిన్న అంకెని మూడుతో హెచ్చిస్తే వచ్చేది చిన్న అంకే. చూడాల్సింది గీతల్ని, అందులోనూ బరువు గీతని పొడవు గీత పక్కన పెట్టి చూడాలి.

అసలు ఇలా ఎందుకు గబగబా పెరుగుతారంటే, కడుపులో ఉన్నప్పుడు మాయ నుంచి వచ్చే సరఫరా తక్కువ కాబట్టి బిడ్డ ఉన్నదాన్ని మెదడుకి ఎక్కువ పంపి, పొట్ట, కాలేయం, కండరాలు, కొవ్వు వీటి ఖర్చు తగ్గించుకుంటుంది. అందుకే మీ పాప తల దాదాపు బాగానే ఉండి పొట్ట కొలత తగ్గింది. కాలేయంలో నిల్వ చేసుకున్న చక్కెర తక్కువ కాబట్టే మొదటి రెండు రోజులు షుగర్ పడిపోయింది. బయటికి వచ్చాక ఆ అడ్డు తొలగిపోతుంది, కాబట్టి తన జన్యువుల్లో రాసున్న దారికి తిరిగి వెళ్లాలని శరీరం చూస్తుంది. ఇలా చిన్నగా పుట్టిన పిల్లల్లో 85 నుంచి 90 శాతం మంది రెండేళ్లలోపు ఎత్తులో తోటివాళ్లని అందుకుంటారు, అందులో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే జరిగిపోతుంది. దాన్ని ఆపే పని మనది కాదు.

మరి భయం ఎక్కడిదంటే, పైనుంచి తోసి పెంచడం దగ్గర. బ్రిటన్‌లో నెలలు నిండి చిన్నగా పుట్టిన పిల్లల్లో కొందరికి మామూలు ఫార్ములా (డబ్బా పాలు), కొందరికి ప్రొటీన్, కేలరీలు పెంచిన ఫార్ములా తొమ్మిది నెలలపాటు ఇచ్చి, 6 నుంచి 8 ఏళ్ల వయసులో మళ్లీ చూశారు. గట్టి పాలు తాగిన పిల్లల్లో బీపీ కింది అంకె 3 పాయింట్ల దాకా ఎక్కువ ఉంది. ఒంట్లో కొవ్వు కొలిచిన పరిశీలనలోనూ వాళ్లకే ఎక్కువ తేలింది. ఎవరికి ఏ పాలు ఇవ్వాలో చీటీ తీసినట్టు నిర్ణయించి చేసిన పరీక్ష అది, కాబట్టి తేడా ఆ పాల వల్లే అని నమ్మకంగా చెప్పొచ్చు. తల్లిపాలలో ప్రొటీన్ 100 మిల్లీలీటర్లకి సుమారు 1 గ్రాము ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ ఇంకా కొంచెం తగ్గుతుంది. డబ్బా పాలలో అంతకంటే ఎక్కువ.

అత్తయ్యగారితో కోపం తెచ్చుకోకండి, "డాక్టర్ ఆరు నెలలు నిండేదాకా వద్దన్నారు" అని నా మీద పెట్టి చెప్పండి. పాలు చాలుతున్నాయి, గీత ఎక్కుతోంది, కాబట్టి డబ్బా పాలు కలపాల్సిన అవసరం మీ పాపకి లేదు. ఇంకొక సంగతి అడుగుతున్నాను, ఐరన్ చుక్కలు వాడుతున్నారా? 2.5 కిలోలకంటే తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి ఐరన్ నిల్వ తక్కువ, ఒళ్లు వేగంగా పెరిగేకొద్దీ అది ఇంకా త్వరగా అయిపోతుంది. రెండు నెలల నుంచే మొదలుపెట్టడం ఆనవాయితీ. మోతాదు పాప బరువుని బట్టి ఉంటుంది కాబట్టి మీ డాక్టర్‌నే అడగండి. మీరు పోస్ట్‌లో రాయలేదు, నాకు అదే ఎక్కువ ఆందోళన.

ఇద్దరు పిల్లల నాన్న

సిస్టర్, మా పెద్దాడి సంగతి చెప్తాను, మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, మేం ఎక్కడ తప్పామో తెలిస్తే మీకు పనికొస్తుందని.

వాడు 38 వారాలకి 2 కిలోలతో పుట్టాడు. నెలకోసారి తూకానికి తీసుకెళ్లేవాళ్లం, అంకె పెరిగితే చాలు ఇంట్లో పండగే. నాలుగో నెల నుంచి డబ్బా పాలు మొదలుపెట్టాం, అదీ డబ్బా మీద రాసినదానికంటే ఒక చెంచా ఎక్కువ కలిపి. (అలా గట్టిగా కలపకూడదని, పిల్లల కిడ్నీల మీద భారం పడుతుందని తర్వాత తెలిసింది.) బుగ్గలొచ్చాయి, అందరూ ముద్దుచేసేవాళ్లు. ఏడాది కల్లా తోటి పిల్లల్లో కలిసిపోయాడు. అంతవరకు పెద్ద నష్టం జరగలేదనే అనుకుంటున్నాను.

అసలు తప్పు ఆ తర్వాత చేశాం. రెండేళ్లు దాటాక, మూడేళ్లు దాటాక కూడా "చిన్నగా పుట్టినవాడు" అన్న మాట మా మనసులోంచి పోలేదు. ప్లేటు ఖాళీ చేసేదాకా వదిలేవాళ్లం కాదు, వద్దని తల తిప్పుకుంటే ఫోన్ చూపించి తినిపించేవాళ్లం. ఐదేళ్లప్పుడు ఎత్తు మామూలే, బరువు మాత్రం గీతలు దాటుకుంటూ పైకి పోయింది. ఏదో జ్వరానికి తీసుకెళ్తే డాక్టర్ నడుము చుట్టూ కొలిచి, బీపీ చూసి, మళ్లీ వారం తర్వాత రమ్మని మళ్లీ చూసి, వయసుకి ఎక్కువగా ఉందన్నారు. ఐదేళ్ల పిల్లాడికి బీపీ ఏంటని నేను వాదించాను కూడా. అప్పుడు ఆవిడ పుట్టిన బరువు ఎంత అని అడిగి, చిన్నగా పుట్టినవాళ్లలో ఇది ముందే చూసుకోవాల్సిన విషయమని, ఎవరూ చెప్పలేదా అని అడిగారు. నిజంగానే ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు వాడికి ఏడేళ్లు. మందులు ఏమీ లేవు. బలవంతంగా తినిపించడం మానేశాం, తీపి డ్రింకులు ఇంట్లోకి తేవడం మానేశాం, సాయంత్రం రెండు గంటలు బయట ఆడతాడు. బరువు తగ్గించలేదు, ఎత్తు పెరిగేదాకా బరువుని నిలబెట్టాం అంతే. పోయినసారి బీపీ మామూలుగా వచ్చింది. మీకు చెప్పేదేమిటంటే, మీ పాప ఇప్పుడు తాగే పాల గురించి బెంగ వద్దు, కానీ రెండేళ్ల తర్వాత కూడా "పాపం చిన్నగా పుట్టింది" అనుకుంటూ తినిపించకండి.

33 వారాల అమ్మ

డాక్టర్ గారు, మీరు రాసింది అంతా బాగుంది కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ థ్రెడ్‌ని నాలాంటి తల్లులు కూడా చదువుతారు. మా బాబు కూడా కడుపులో ఎదగలేదనే 33 వారాలకి ఆపరేషన్ చేసి తీశారు, 1.3 కిలోలు. ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) నా పాలు పిండి ఇస్తే దానిలో ప్రొటీన్, క్యాల్షియం కలిపే పొడి వేసి పట్టించారు. నేను నెట్‌లో "త్వరగా బరువు పెరిగితే షుగర్" అన్నది చదివి, ఆ పొడి వద్దని నర్సు మీద గొడవపడ్డాను. రెండు రోజులు ఇవ్వనివ్వలేదు. ఆ రెండు రోజులూ బరువు అంగుళం కదల్లేదు, పైగా 20 గ్రాములు తగ్గాడు. తర్వాత పెద్ద డాక్టర్ గారు నన్ను కూర్చోబెట్టి మెదడు పెరిగే సమయం ఇదేనని, ఈ బాబుకి ఇప్పుడు ప్రొటీన్ తగ్గిస్తే తర్వాత పూడ్చలేమని చెప్పారు. ఇప్పటికీ ఆ రెండు రోజులు గుర్తొస్తే గుండె పట్టేస్తుంది.

అందుకని, దయచేసి నెలలు నిండిన పిల్లలకి చెప్పింది నెలలు నిండని పిల్లలకి వర్తించదని పెద్ద అక్షరాలతో రాయండి. వయసు లెక్క కూడా వేరే కదా, మా బాబుకి ఆరు నెలలంటే నిజానికి నాలుగున్నర నెలలే.

శిశువైద్యుడు_18

మీరు చెప్పింది అక్షరాలా నిజం, నేను మొదటే రాయాల్సింది. మీ పోస్ట్ వల్ల ఇంకొక బిడ్డ ప్రొటీన్ ఆగకుండా ఉంటే అదే చాలు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, అందులోనూ 1.5 కిలోల లోపు పుట్టిన బిడ్డ, కడుపులో ఉండాల్సిన సమయంలో బయట ఉన్నాడు. ఆ వారాల్లో మెదడు పెరిగే వేగం మళ్లీ జీవితంలో రాదు, తల్లిపాలు ఒక్కటే ఆ వేగానికి చాలవు. కాబట్టి పొడి కలపాలి, ఐరన్, విటమిన్ డి ఇవ్వాలి, తల కొలతని వారం వారం చూడాలి. అక్కడ తూకంలో మొగ్గు మెదడు వైపే. పెద్దయ్యాక వచ్చే బీపీ, షుగర్ గురించి ఆలోచన ఉండాలి కానీ అది రెండో వరుసలో ఉంటుంది. చార్టులో గుర్తు పెట్టేటప్పుడు కూడా ముందుగా పుట్టిన వారాలు తీసేసి లెక్కవేయాలి, రెండేళ్లు వచ్చేదాకా. నెలలు నిండి చిన్నగా పుట్టిన బిడ్డకి ఆ తొందర లేదు, తల్లిపాలు చాలు, తనకు తానుగా ఎంత అందుకుంటే అంత. ఇద్దరినీ "తక్కువ బరువు పిల్లలు" అని ఒకే గంపలో వేయడం వల్లే సగం గందరగోళం.

ఇంకో తేడా కూడా చెప్పాలి. చిన్నగా పుట్టిన ప్రతి బిడ్డా కడుపులో ఎదుగుదల ఆగిన బిడ్డ కాదు. అమ్మా నాన్నా చిన్న ఆకారం అయితే బిడ్డా చిన్నగా ఉండొచ్చు, డాప్లర్ మామూలుగా ఉంటుంది, తన గీత మీద తను హాయిగా వెళ్తుంది. అలాంటి బిడ్డని ఇంకో గీత మీదికి ఎక్కించాలని చూడటం అనవసరం. అలాగే 2.8 కిలోలతో పుట్టినా, 3.4 కావాల్సిన బిడ్డ అక్కడ ఆగిపోయి ఉండొచ్చు, ఆ బిడ్డని ఎవరూ పట్టించుకోరు.

పోషణ చదువు

నేను డాక్టర్‌ని కాను, శిశు పోషణ మీద పరిశోధన చేస్తున్నాను. పైన నాన్నగారు చెప్పిన "రెండేళ్ల తర్వాత" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలనిపించింది, ఎందుకంటే ఈ విషయం మీద ఉన్న పరిశోధన అంతా చివరికి అక్కడికే వస్తుంది.

ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ అనే ఆయన హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో 20వ శతాబ్దం మొదట్లో ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు రాసిపెట్టిన పాత రికార్డులు వెతికి, పుట్టినప్పటి బరువు, ఏడాదికి ఉన్న బరువు తీసుకుని, ఆ పిల్లలు ముసలివాళ్లయ్యాక ఏమయ్యారో చూశారు. తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో గుండె జబ్బులు, షుగర్ ఎక్కువ. 1992లో హేల్స్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన ఒక సిద్ధాంతం రాశారు. కడుపులో కరువు చూసిన శరీరం పొదుపుగా బతకడానికి సిద్ధపడుతుంది, కండ తక్కువ, ఇన్సులిన్ తయారుచేసే కణాలు తక్కువ, వచ్చిన ప్రతి కేలరీనీ దాచుకునే గుణం ఎక్కువ. బయటా కరువే ఉంటే ఆ శరీరం సరిపోతుంది, బయట సమృద్ధి ఉంటేనే చిక్కు. చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. ఆ హార్ట్‌ఫర్డ్‌షైర్ రికార్డుల్లో ఏడాది వయసులో కూడా బరువు తక్కువగా ఉన్నవాళ్లే ఎక్కువగా గుండె జబ్బుతో పోయారు. అంటే మొదటి ఏడాది ఎదగకపోవడం మంచిదని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు!

1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో యుద్ధం వల్ల వచ్చిన కరువులో కడుపులో ఉన్న పిల్లల్ని ఇప్పటికీ పరిశీలిస్తున్నారు. 50 ఏళ్ల వయసులో చూస్తే వాళ్లలో చక్కెరని అదుపులో పెట్టుకునే శక్తి తగ్గింది. అంతకంటే నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి, గర్భం మొదటి నెలల్లో కరువు తగిలిన పిల్లలు పుట్టినప్పుడు మామూలు బరువుతోనే పుట్టారు, అయినా పెద్దయ్యాక వాళ్లలో గుండె జబ్బులు ఎక్కువ కనిపించాయి. కాబట్టి బరువు ఒక ఆనవాలు మాత్రమే, లోపల అవయవాలు ఎలా తయారయ్యాయన్నదే అసలు సంగతి. కిడ్నీల్లో వడపోత చేసే నెఫ్రాన్లు పుట్టకముందే, 36 వారాల కల్లా తయారైపోతాయి, తర్వాత కొత్తవి రావు. అవి తక్కువగా ఉంటే ఉన్నవాటి మీద భారం పడి బీపీ పెరుగుతుందని ఒక బలమైన వాదన.

ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి వెంటపడి కొలిచిన 1,492 మందిని 26 నుంచి 32 ఏళ్ల వయసులో చూసి 2004లో ఫలితాలు రాశారు. షుగర్ వచ్చినవాళ్లు, వచ్చేలా ఉన్నవాళ్లు చిన్నప్పుడు లావుగా లేరు. రెండేళ్లదాకా సన్నగానే ఉన్నారు. ఆ తర్వాత బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) తొందరగా పైకి తిరిగి, పెద్దయ్యేదాకా ఆగకుండా పెరిగింది. పిల్లలందరికీ ఏడాది దాటాక బీఎంఐ మెల్లగా తగ్గుతూ వచ్చి 5-7 ఏళ్ల మధ్యలో మళ్లీ పెరగడం మొదలవుతుంది, ఆ మలుపు మూడు నాలుగేళ్లకే వస్తే జాగ్రత్తపడాలి. బ్రెజిల్, గ్వాటెమాలా, ఇండియా, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికా, ఈ ఐదు దేశాల పిల్లల లెక్కలు కలిపి చూసినా మొదటి రెండేళ్లలో బాగా ఎదిగినవాళ్లు ఎత్తుగా అయ్యారు, బడిలో ఎక్కువ ఏళ్లు చదివారు, షుగర్ ముప్పు దానివల్ల పెద్దగా పెరగలేదు. ఎత్తుతో పోలిక లేకుండా ఆ తర్వాత పెరిగిన బరువే చెడు చేసింది.

పుణెలో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది 3.5. అంత చిన్నగా ఉన్నా వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు, తగ్గింది కండ. కాబట్టి చిన్న బిడ్డలో మనం కోరుకోవాల్సింది కండ, ఎముక, ఎత్తు. తూకం మిషన్ ఆ తేడా చెప్పదు. అందుకే పొడవు కొలవకుండా బరువు ఒక్కటే చూసే అలవాటు మీద నాకు మహా కోపం.

పాపాయి అమ్మ

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నాన్నగారూ, మీ బాబు సంగతి ఇంత వివరంగా రాసినందుకు థ్యాంక్స్ అండీ. 33 వారాల అక్కా, ఆ రెండు రోజుల గురించి మీరు రాసింది చదివి నా ఒక్క రాత్రి గుర్తొచ్చింది. మనిద్దరం భయంతోనే చేశాం కదా.

డాక్టర్ గారు, ఐరన్ చుక్కలు రాశారట, డిశ్చార్జ్ కాగితంలో ఉంది! రెండు నెలల నుంచి వేయమని. మేం ఆ కాగితం మళ్లీ తీసి చూడలేదు, టీకాలకి వెళ్లినప్పుడూ ఎవరూ అడగలేదు. రేపే వెళ్లి మోతాదు అడుగుతాను. మూడు నెలలు ఆలస్యమైంది, ఏమైనా నష్టం జరిగి ఉంటుందా?

ఇంకా రెండు అడగాలి. పాపకి ఇప్పుడే షుగర్, ఇన్సులిన్ లాంటి రక్తపరీక్షలు చేయించాలా? రెండోది, ఇది అడగడానికి మొహమాటంగా ఉంది. నేను ఆరో నెలలో సరిగ్గా తినలేకపోయాను, వాంతులు ఎక్కువ ఉండేవి. దానివల్లే పాపకి ఇలా అయిందా?

శిశువైద్యుడు_18

చివరిది ముందు చెప్తాను. కాదమ్మా. మీకు బీపీ వచ్చింది, డాప్లర్‌లో రక్తం సరిగ్గా వెళ్లలేదు. ఈ రెండూ కలిసి వచ్చాయంటే మాయ గర్భసంచి గోడలోకి పాతుకునే దశలోనే, అంటే మీకు గర్భం అని తెలిసిన కొత్తలోనే, రక్తనాళాలు వెడల్పు కావాల్సినంత కాలేదని అర్థం. ఆరో నెలలో మీరు నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నా ఆ నాళాలు తెరుచుకునేవి కావు. మళ్లీ గర్భం వస్తే మాత్రం మొదటి చెకప్‌లోనే ఈ విషయం చెప్పండి, 16 వారాల లోపు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలా అని వాళ్లు చూస్తారు. మీ బీపీ కూడా ఏడాదికోసారి చూపించుకోండి, గర్భంలో బీపీ వచ్చిన ఆడవాళ్లకి తర్వాత వచ్చే అవకాశం ఎక్కువ. పాప గురించి ఇంత రాశారు, మీ గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఐరన్ రేపు మొదలుపెట్టండి. పాప చురుగ్గా ఉంది, పాలు బాగా తాగుతోంది కాబట్టి కంగారు వద్దు, అవసరమనుకుంటే మీ డాక్టర్ రక్తం ఎంత ఉందో ఒకసారి చూస్తారు. ఇన్సులిన్ పరీక్షలు ఇప్పుడు వద్దు. ఈ వయసులో వచ్చే అంకెతో ఎవరూ ఏమీ చేయలేరు, పాపకి సూది నొప్పి తప్ప. మూడేళ్ల నుంచి ఏడాదికోసారి బీపీ, ఎత్తు, బరువు చూడమనండి. రెండేళ్లకి ఎత్తు ఇంకా కింది గీత కిందే ఉంటే అప్పుడు హార్మోన్ల డాక్టర్‌కి చూపించాలి, చిన్నగా పుట్టిన పదిమందిలో అందుకోలేకపోయే ఆ ఒకరికి గ్రోత్ హార్మోన్ ఇచ్చే పద్ధతి ఉంది. మీ పాప పోకడ చూస్తే ఆ అవసరం రాదనిపిస్తోంది.

ఆరు నెలలు నిండాక తినిపించడం మొదలుపెట్టినప్పుడు, ఐరన్, ప్రొటీన్ ఉన్నవి ముందు, తీపి కలిపినవి అసలు వద్దు. పాప నోరు మూసుకుని తల తిప్పేస్తే అక్కడితో ఆపేయండి. పాలు మాత్రం రెండేళ్లదాకా కొనసాగించండి.

ఇద్దరు పిల్లల నాన్న

పొడవు కొలిచేటప్పుడు ఒక మాట సిస్టర్. టేపుతో కొలిస్తే ఒప్పుకోకండి. పడుకోబెట్టి కొలిచే చెక్క ఉంటుంది, ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు చాపి పాదం చెక్కకి ఆనించాలి. మా చిన్నదానికి ఒకసారి టేపుతో కొలిచి నెలలో ఒక సెంటీమీటర్ తగ్గిందని రాశారు!

పాపాయి అమ్మ

అలాగే అండీ, పక్కనే నిలబడి కొలిపిస్తాను. అత్తయ్యగారికి ఇందాక చార్టు మీద చుక్కలు పెట్టి చూపించాను, ఆవిడ గీత మీద వేలు పెట్టి "పైకే పోతోందిగా మరి" అన్నారు. డబ్బా పాల మాట మళ్లీ రాలేదు. బీపీకి నా పేరు కూడా రాయించుకుంటాను రేపు.

పాప లేచింది, పాలకి. ఆరో నెల కొలతలు తీయించాక ఇక్కడే రాస్తాను.